సౌండు లేని పిల్ల

నా చిన్నప్పుడు నలుగురిలో ఉన్నానంటే మాట్లాడేదాన్ని కాదు, మాట్లాడినట్టు చేసేదాన్ని. ఆ రెండింటికీ తేడా ఉందని నాకు తెలియదు. ఇంట్లో మా అమ్మ బుర్ర తినేసేదాన్ని. బయట మనుషులు గుంపుగా కనపడితే చాలు, పెదాలు ఆడించేదాన్ని, తల ఊపేదాన్ని, చేతులు తిప్పేదాన్ని, పళ్ళు కనపడేలా నవ్వేదాన్ని. గొంతు మాత్రం బయటికి వచ్చేది కాదు. జబ్బేమో అనుకునేరు. అది మా ఇంటి పని.

మా అమ్మ సినిమాల్లో గుంపులో నిలబడే మనిషి. పెళ్ళి సీనులో పేరంటాలు, సంత సీనులో కూరలు బేరమాడే ఆడమనిషి, చావు సీనులో గుండెలు బాదుకునే బంధువు. రేపల్లె వైపు నుంచి నాటకాల వాళ్ళతో వచ్చి ఇక్కడే నిలిచిపోయింది. నాన్న అప్పటికే లేడు. ఇప్పటి జూబ్లీహిల్స్ చూసినవాళ్ళకు చెబితే నమ్మరు గానీ, అప్పుడు ఎటు చూసినా కొండరాళ్ళే. రాయి మీద రాయి, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, ఎక్కడో ఒక కొత్త బంగళా. ఫిలింనగర్ అనే పేరు అప్పుడప్పుడే నోళ్ళలో నలుగుతోంది. గుట్ట కింద రేకుల ఇళ్ళలో మేముండేవాళ్ళం.

నడక రాకముందే నేను షూటింగుల్లో ఉన్నాను. అమ్మ చంకలో పిల్ల ఉంటే పేరంటం నిండుగా కనపడుతుందని వాళ్ళూ వద్దనేవారు కాదు. గుంపులో నిలబడేవాళ్ళకు ఒక నియమం ఉంది. మధ్యలో హీరో, హీరోయిన్ మాట్లాడుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నట్టు కనపడాలి, చప్పుడు మాత్రం రాకూడదు. మెడలో ఈల వేసుకున్న ఒకాయన "పెదాలు ఆడాలమ్మా, సౌండ్ రావద్దు!" అని అరిచేవాడు. అమ్మ నాకు అన్నం కలిపి పెడుతూ ఆ విద్య నేర్పింది. ఏ మాటా తోచకపోతే లోపల్లోపల కూరగాయల పేర్లు అనుకోమనేది. వంకాయ, బెండకాయ, దోసకాయ. దూరం నుంచి చూసేవాళ్ళకు ఎంతో ముఖ్యమైన సంగతి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. అలా ఆడిస్తూ ఉండగా ఎక్కడినుంచో "కట్" అని కేక వినపడేది. అప్పుడు ఒక్కసారిగా అందరి గొంతులూ తెరుచుకునేవి, తూము ఎత్తినట్టు.

ఒకసారి మాత్రం సీను నా వల్ల చెడిపోయింది. పెళ్ళిపందిరి. హీరోయిన్ కళ్ళనీళ్ళు పెట్టుకుని ఏదో చెబుతోంది. నా ముందు పళ్ళెంలో లడ్డూలున్నాయి. "అమ్మా, ఒకటి తిననా?" అన్నాను, గట్టిగానే. ఈల ఆయన నెత్తి కొట్టుకున్నాడు. నన్నెవరూ కొట్టలేదు. అమ్మ కూడా తిట్టలేదు. కానీ ఆ తర్వాత చాలా రోజులు మా ఇంటికి పిలుపు రాలేదు. గంజి తాగి పడుకున్నాం. పసిబుర్రకు సంగతి తేలిగ్గా తేలిపోయింది. గుంపులో నా గొంతు వస్తే అమ్మకు పని పోతుంది. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అని కూడా తోచలేదు.

అయిదో ఏడు వచ్చేసరికి నేను చంకలో ఒదిగే పిల్లను కాకుండా పోయాను. షూటింగుకు తీసుకురావద్దన్నారు. అమ్మ నన్ను దగ్గరలో ఉన్న చిన్నపిల్లల బడిలో, బాలవాడిలో వేసింది. వెళ్ళి చూస్తే పిల్లలంతా గుండ్రంగా కూర్చుని ఉన్నారు, మధ్యలో టీచరమ్మ నిలబడి మాట్లాడుతోంది. నాకు వెంటనే అర్థమైపోయింది, ఇదీ ఒక సీనే అని. నా పక్కన ఎర్ర రిబ్బను కట్టుకున్న పిల్ల "నీ పేరేంది?" అని అడిగింది. నేను చక్కగా ఆమె వైపు తిరిగి, కళ్ళు పెద్దవి చేసి, చెయ్యి తిప్పుతూ వంకాయ, బెండకాయ, దోసకాయ అన్నాను, చప్పుడు లేకుండా. చివర్లో నవ్వాను కూడా. ఆ పిల్ల నా నోటి దగ్గర చెవి పెట్టి విన్నది. లేచి నిలబడింది.

"టీచరమ్మా, గీ పిల్లకు సౌండ్ వస్తలేదు!"

ఇక అక్కడ నా పేరు అదే అయింది. సౌండు లేని పిల్ల. కొందరు నా ముందు నిలబడి నోరు తెరిచి మూసి వెక్కిరించేవారు. చిన్నచిన్న వాళ్ళు నా చేతులు తిప్పడం చూసి జడుసుకుని ఏడ్చేవారు. నాకు మాత్రం ఎక్కడ తప్పు జరుగుతోందో అంతుపట్టలేదు. నా పని నేను బాగానే చేస్తున్నానని నా నమ్మకం. వీళ్ళకే చెయ్యడం రాదు, ఊరికే అరుస్తున్నారు అనుకున్నాను.

వారం తిరక్కముందే టీచరమ్మ మా అమ్మను పిలిపించింది. మంచి మనిషి, కసురుకోలేదు. పెద్దాసుపత్రిలో చెవులూ గొంతూ చూపించుకుని రండి, అందాకా ఇంట్లో ఉండనివ్వండి అంది. అమ్మకు ముందు నవ్వొచ్చింది. "దీనికి గొంతు లేకపోవడమేంటండీ, ఇంట్లో దీని నోరు మూయించలేక చస్తున్నాను" అంది. టీచరమ్మ నన్ను అడిగింది, "ఏమ్మా, మీ అమ్మ చెప్పింది నిజమేనా?" చుట్టూ పిల్లలున్నారు. నేను అందంగా పెదాలు ఆడించాను. అమ్మ నవ్వు ఆగిపోయింది.

మనుషులు లేని రాళ్ళదారంతా నేను మామూలుగానే కబుర్లు చెబుతూ వచ్చాను. ఇంటికి వచ్చాక అమ్మ చెప్పింది, ఆదివారం నన్ను రేపల్లెలో మా పెద్దమ్మ దగ్గర దింపి వస్తానని. రాళ్ళ మధ్య, పాముల మధ్య అయిదేళ్ళ పిల్లను ఒంటరిగా వదిలి పనికి పోవడం కుదరదు. పనికి పోకపోతే పొయ్యి వెలగదు. బాలవాడి వద్దంటే ఇక మిగిలింది పెద్దమ్మే. మళ్ళీ ఎప్పుడు వస్తావని అడిగితే అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ తల వంచుకుంది. అమ్మ లేకుండా ఉండాలి అన్న మాట నాకు ఆ వంచుకున్న తల చూస్తేనే తెలిసింది.

మా పక్కింటి అక్కది ఇక్కడి ఊరే. భర్త బండలు కొట్టే పనికి పోయేవాడు. ఆమెకు చంకలో ఏడాది నిండని కొడుకు, గుంజకు ఒక మేక. వయసులో మా అమ్మకంటే చాలా చిన్నది, అయినా వాడకట్టు మొత్తానికి ఆమె అక్కే, మా అమ్మకు కూడా. ఆమె మా అమ్మను అక్కా అనేది, మా అమ్మ ఆమెను అక్కా అనేది. కుళాయి దగ్గర అమ్మ ముక్కు చీదుకోవడం చూసి సంగతంతా అడిగింది.

"ఎందుకక్కా పొల్లను గంత దూరం తోలుడు? ఒక్కరోజు నాకాడ ఇడిసిపెట్టు."

"డాక్టరు చూడాల్సినదాన్ని నువ్వేం చూస్తావక్కా?"

"నేనేం జూడ. మేకను జూసుకుంట కూసుంటది. నీకు పిలుపొచ్చింది గద, జర నిమ్మలంగ పనికి పో."

అలా ఆ శుక్రవారం నేను అక్క ఇంట్లో ఉన్నాను. పొద్దున ఆమె గిన్నెలు తోముతూ కొడుకును నా ఒళ్ళో కూర్చోబెట్టింది. ఇంట్లో ముగ్గురమే, కానీ వాకిట్లో పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు ఉన్నారు. నాకది గుంపు కిందే లెక్క. వాడికి నేను పెదాలతో కబుర్లు మొదలుపెట్టాను. వాడు నా నోటినే చూశాడు. కాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు మానేసి, కనుబొమలు దగ్గరికి తెచ్చి, వేళ్ళు నా నోట్లో పెట్టాడు. పై పెదవి ఎత్తి చూశాడు. నాలుక పట్టుకున్నాడు. అటక మీద దాచిన బెల్లం ముక్క కోసం వెతికినట్టు వెతికాడు. ఏమీ దొరకలేదు. కింది పెదవి వంకర పోయింది, గొల్లుమన్నాడు.

అక్క తడిచేతులతో పరుగున వచ్చి వాణ్ణి ఎత్తుకుని పకపకా నవ్వింది. "నీ మాట ఏడబోయిందని ఎతుకుతుండు బిడ్డా!" అంది. నాకు నవ్వు రాలేదు. ఇన్ని సీన్లు చేశాను, నా పని చూసి ఏడ్చినవాడు వీడొక్కడే అనుకున్నాను. బాలవాడిలో ఏడ్చిన చిన్నవాళ్ళు అప్పుడు గుర్తొచ్చారు. ఏదో తేడా ఉందని మొదటిసారి అనుమానం తగిలింది.

మధ్యాహ్నం పెద్ద రాతిగుండు నీడలో అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చునేది. వాడకట్టు పిల్లలు కథ కోసం ఆమె చుట్టూ చేరేవారు. ఆ రోజు ఎర్ర రిబ్బను పిల్ల కూడా వచ్చింది. కథ చెప్పేవాళ్ళకు వినేవాళ్ళు ఊ కొట్టాలి కదా, అక్క దగ్గర ఆ పట్టింపు మరీ ఎక్కువ. అందరూ కొడితేనే కథ ముందుకు నడుస్తుంది.

ఒక మేక ఉందట. ఊ అన్నారు పిల్లలు. ఆ మేక షూటింగు చూడబోయిందట. ఊ. అక్కడ హీరోయిన్ సవరాన్ని బండ మీద ఆరబెట్టారట. ఊ. మేక దాన్ని గడ్డి అనుకుని నమిలిందట. నవ్వులు, ఊ. హీరోయిన్ వచ్చి నా జుట్టేదని లొల్లి చేసిందట, అందరూ మేకను చుట్టుముట్టారట, మేక నోరు తెరిచిందట.

అక్కడ అక్క ఆగింది. "ఒక ఊ తక్కువొచ్చింది" అంది.

పిల్లలు మళ్ళీ ఊ అన్నారు, ఈసారి గుట్ట మారుమోగేలా. అక్క బియ్యంలోంచి ఒక రాయి తీసి విసిరేసి "ఇంకా తక్కువనే ఉన్నది" అంది. వాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఎర్ర రిబ్బను పిల్లకు అర్థమైంది.

"గీమెది అక్కా! గీమెకు సౌండ్ లేదు. ఇడిసిపెట్టి చెప్పు నువ్వు."

"ఎట్ల ఇడిసిపెడ్త? మేక నోరు తెరిసి నిలబడ్డది. గిప్పుడెట్ల పోతది ముందుకు?"

పిల్లలు నా మీద పడ్డారు. అను, అనవే, ఒక్క ఊ అంటే నీ సొమ్మేం పోతుంది అని గిల్లారు. నేను పెదాలు గుండ్రంగా చేసి ఊ అన్నట్టు చూపించాను. అక్క నా వైపు చూసింది, తిట్టలేదు, బతిమాలలేదు. మళ్ళీ బియ్యంలోకి తల వంచింది. కథ అక్కడే ఆగిపోయింది. మేక నోరు తెరిచే ఉంది. ఎంతసేపో నాకు తెలియదు, ఎండ పక్క రాతి మీదికి జరిగింది. ఒకరిద్దరు విసుగొచ్చి లేచి పోయారు. అక్క ఒళ్ళో ఉన్నవాడు ఇందాకటినుంచీ వింటున్నాడు కాబోలు, ఉన్నట్టుండి "ఊ" అన్నాడు. అందరూ నవ్వారు. "నీది ఎప్పుడో లెక్కల పడ్డది కొడుకా" అని అక్క వాడి బుగ్గ ముద్దు పెట్టుకుంది. మళ్ళీ ఊరుకుంది.

మేక ఏమందో తెలుసుకోవాలని నాకు ఆత్రంగా ఉంది. అమ్మకు పని పోతుందని భయంగానూ ఉంది. ఈ రెండింటి మధ్యా నలిగి నలిగి, చివరికి మోకాళ్ళ మీద జరుగుతూ అక్క దగ్గరికి పోయి, చెవిలో గుసగుసగా అడిగాను.

"అక్కా, కట్ ఎవరు చెప్తారు?"

అక్క చేతిలో చాట ఆగింది. నా ముఖంలోకి అలాగే చూసింది. వాడకట్టులో సగం మంది షూటింగుల వాళ్ళే, ఆమెకు ఆ మాట కొత్త కాదు. మెల్లగా ఆమెకు ఏదో తెలిసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అదే సమయంలో నవ్వూ వచ్చింది. చాట పక్కన పెట్టి, లేచి నిలబడి, కొడుకును భుజాన వేసుకుని, రెండు గుట్టల అవతలికి వినపడేలా అరిచింది.

"కట్!"

"ఊ! ఊ! తర్వాత ఏమైంది, మేక ఏమంది?" అన్నాను నేను, ఒక్క ఊపిరిలో.

ఎర్ర రిబ్బను పిల్ల ఎగిరి గంతేసింది. "సౌండ్ వచ్చింది! సౌండ్ వచ్చింది!" లేచిపోయినవాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు. అక్క నన్ను దగ్గరికి లాక్కుంది. "గీడ కెమెరా లేదు బిడ్డా. హీరోయిన్ లేదు. గీడ అందరం నడిమిట్ల ఉన్నోళ్ళమే" అంది. మీ అమ్మ పని ఎవరూ తీసుకోరు అని కూడా అంది. ఆ మాట నేను ఆమెకు చెప్పనే లేదు. ఎలా తెలిసిందో ఇప్పటికీ నాకు వింతే.

కథలో మేక నోట్లోంచి వెంట్రుకలు కిందికి వేలాడుతున్నాయట. దొరికిపోయానని తెలిసి, ఇది నా గడ్డం అందట. గందుకే మేకలకు గడ్డం ఉంటది అని అక్క ముగించింది. "మరి మీ మేకకు లేదుగా అక్కా?" అన్నాను. నలుగురిలో నేను పెట్టుకున్న మొట్టమొదటి తగువు అది. అక్క తడబడింది. "అవును గదక్కా, మన మేకకు ఏది?" అని రిబ్బను పిల్ల నా పక్షం చేరింది. నేను అన్న మాటను ఇంకొకరు పట్టుకుని లాగడం అప్పుడే చూశాను. ఆ సంతోషం లడ్డూ తిన్నా వచ్చేది కాదు.

సాయంత్రం అమ్మ వచ్చేసరికి నేను రాతిగుండు ఎక్కి కూర్చుని అందరినీ కేకేస్తున్నాను. అమ్మ ముఖానికి రంగు అలాగే ఉంది. అక్క సంగతి చెప్పింది. విన్నాక అమ్మ నా నోటిని తన చీరకొంగుతో తుడిచింది, అక్కడేమీ అంటుకోకపోయినా. రేపల్లె ప్రయాణం ఆగిపోయింది. సోమవారం అక్క మాతో బాలవాడి గుమ్మందాకా వచ్చి, నా చెవిలో మెల్లగా కట్ చెప్పి వెళ్ళింది. టీచరమ్మకు అదేమిటో అర్థం కాలేదు, నా నోరు తెరుచుకుంది కాబట్టి అడగలేదు. కొన్నాళ్ళు అలా రోజూ వచ్చింది. ఏ రోజునుంచి రావడం మానేసిందో నేను గమనించలేదు.

పెళ్ళయ్యాక నేను పసిపిల్లల్ని చూసుకునే పనిలో పడ్డాను. శ్రీనగర్ కాలనీలో కొన్నిళ్ళు, ఇక్కడ జూబ్లీహిల్స్‌లో కొన్నిళ్ళు. చదువు మూడో తరగతితో ఆగింది గానీ, పిల్లల ముఖాలు మాత్రం చాలా చదివాను. మనిషి మనుషుల్లో పడడం ఎలా మొదలవుతుందో చూడడం నాకు ఇష్టం. ఇంకా మెడ నిలవని పిల్ల, మన ముఖం చూసి ఊ అంటుంది. అమ్మ అనే మాటకు ఎంతో ముందు వచ్చేది అదే. ఎవరు నేర్పారు దానికి? కొన్ని నెలలు పోయాక కొత్త ముఖం చూస్తే ఏడుస్తుంది. చుట్టాలు చిన్నబుచ్చుకుంటారు, నేను లోపల సంతోషిస్తాను, తనవాళ్ళెవరో దీనికి తెలిసిందని. ఇంకొంచెం పెద్దయితే ఇద్దరు పిల్లలు వీపులు ఆనించుకుని ఎవరి ఆట వాళ్ళు ఆడుకుంటారు. ఒక్క మాట ఉండదు. ఒకడు లేచిపోతే రెండోవాడికి ఆట మీద మనసు నిలవదు. తర్వాత అంతా నాది నాది అని లాక్కోవడం. ఇవ్వు ఇవ్వు అని పెద్దవాళ్ళు వాళ్ళ వేళ్ళు విప్పి లాగుతారు గానీ, ఊరుకుంటే ఏదో ఒకరోజు సగం చీకిన బిస్కెట్టు తీసి వాళ్ళే మన నోట్లో పెడతారు. పదిహేనేళ్ళు వచ్చాక గది తలుపు వేసుకుంటారు. లోపల ఇంకో మనిషి తయారవుతున్నాడని నేననుకుంటాను.

ఇలా మనుషుల్లో పడడం పెద్దయ్యాక ఆగిపోతుందనుకునేదాన్ని. ఆగదు. ఈ మేడల్లో విందులు జరిగితే నేను పాపను ఎత్తుకుని ఓ మూల నిలబడతాను. మంచి బట్టలు, మంచి నవ్వులు, చేతులు భలే తిప్పుతారు. కొందరిని చూస్తే, లోపల వంకాయ బెండకాయ అనుకుంటున్నారేమో అని నాకు నవ్వొస్తుంది. జాలి కూడా వేస్తుంది. వాళ్ళకు కట్ చెప్పేవాళ్ళు ఎవరూ దొరకలేదు.

మా ఆయన షూటింగుల్లో లైట్లు మోసేవాడు. మాట తక్కువ. నేను రోజంతా జరిగింది చెబుతుంటే ఊ అనేవాడు, అంతే. వింటున్నాడో లేదో అని దెప్పేదాన్ని. ఆయన పోయాక బంధువులు వచ్చి ధైర్యం చెప్పారు, చాలా చెప్పారు. వాళ్ళు వెళ్ళాక కూర పొయ్యి మీద వేసి ఏదో అన్నాను, గోడకు. అప్పుడు తెలిసింది, నేను ఇన్నేళ్ళూ మాట్లాడింది ఆ ఊ మీద నిలబడి అని.

ఆ రోజు అక్క నాకు మాట నేర్పిందని చాలా ఏళ్ళు అనుకున్నాను. మాట నా దగ్గర ముందే ఉంది. ఆమె చేసిందల్లా, కథను అక్కడ ఆపి, నా వంతు నాకు ఉంచి, చేతిపని చూసుకుంటూ కూర్చోవడం. నా బదులు ఇంకొకరి చేత అనిపించలేదు. నేను లేకుండా ముందుకు పోలేదు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పసివాళ్ళతో, తలుపు వేసుకున్న పిల్లలతో, కొడుకులతో మాట పడని ముసలివాళ్ళతో నేను చేసేది అదే. ఒక మాట అడుగుతాను. ఆపైన ఊరుకుంటాను. ఎంతసేపు ఊరుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు, ఒక్కొక్కరికి ఒక్కో కొలత ఉంది. కొందరికి ఒక ఊపిరి చాలు, కొందరికి ఏళ్ళు పట్టింది. తొందరపెట్టకుండా కూర్చోవడం మాత్రం మా పక్కింటి అక్క ఇచ్చిందే, అది నా దగ్గర ఇంకా తరగలేదు.